ఒక పుస్తకానికి ఒకే అడ్రస్: విజయవాడ పుస్తకాల షాపు జావా సైట్ కేస్ స్టడీ

నేపథ్యం

విజయవాడలో తెలుగు పుస్తకాలు అమ్మే ఒక షాపు. పేరు, వీధి, గుర్తుపట్టగల వివరాలన్నీ తీసేశాను. కౌంటర్ అమ్మకాలు కాక సొంత వెబ్‌సైట్‌లో ఆర్డర్లు తీసుకుంటారు, వాట్సాప్‌లో అడిగినవాళ్లకి లింకులు పంపుతారు. సైట్ స్ట్రట్స్ 1 అనే పాత జావా ఫ్రేమ్‌వర్క్‌లో రాసినది. పేజీలు తయారుచేసే జేఎస్పీ ఫైళ్లు, వాటిని నడిపే టామ్‌క్యాట్ 7 సర్వర్, దాని ముందు ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్, వెనక మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. స్ట్రట్స్ 1 ఆయుష్షు 2013లోనే తీరిపోయిందన్న సంగతి అందరికీ తెలుసు. కానీ మొత్తం తిరగరాసే బడ్జెట్ లేదు. ఉన్న కోడ్‌ని తిరగరాయకుండా అడ్రసులు బాగు చేయాలన్నది మొదటి షరతు.

ఈ వ్యాసంలో రోమన్ అక్షరాల అడ్రసులను కూడా పలికినట్టుగా తెలుగు లిపిలోనే రాశాను. ఎక్కడైనా అడ్రస్ నిజంగానే తెలుగు లిపిలో ఉంటే ఆ మాట విడిగా చెప్పాను.

సమస్య ఎలా వచ్చింది

షాపువాళ్లు అడిగింది చిన్న కోరికే: "అడ్రస్‌లో పుస్తకం పేరు కనపడాలండీ. వాట్సాప్‌లో లింకు పంపితే రెండు లైన్ల గోల వస్తోంది. గూగుల్లో పేరు కొడితే మనం ఎక్కడో ఉంటున్నాం." అప్పటి అడ్రస్ ఇలా ఉండేది: /బుక్‌షాప్/బుక్‌డిటైల్స్.డూ;జెసెషన్‌ఐడీ=... చుక్కలున్న చోట 32 అక్షరాల హెక్స్ గొలుసు (సైట్‌కి వచ్చినవాళ్లని గుర్తుపెట్టుకునే సెషన్ ఐడీ), దాని తర్వాత ?ఐడీ=1842&క్యాట్=7. ఇందులో ఐడీ పుస్తకం అంకె, క్యాట్ విభాగం అంకె.

దీన్ని చూడగానే ఒక అడ్రస్‌ని ఇంకో అడ్రస్‌గా మార్చే రీరైట్ రూల్స్ రాసేయాలనిపిస్తుంది. కానీ ముందు చూడాల్సింది యాక్సెస్ లాగ్, అంటే సర్వర్‌ని ఎవరు ఏ అడ్రస్ అడిగారో నమోదయ్యే ఫైల్. పేజీలు చదువుతూ తిరిగే గూగుల్ ప్రోగ్రామ్ గూగుల్‌బాట్ పేరుతో వచ్చిన వరసలను విడదీసి, రివర్స్ డీఎన్ఎస్‌తో (ఐపీ అడ్రస్ ఎవరిదో కనుక్కునే పద్ధతి) అవి నిజంగా గూగుల్ నుంచి వచ్చినవేనని తేల్చుకుని, ఒకే ఒక పుస్తకానికి ఎన్ని అడ్రసులు అడిగిందో లెక్కపెట్టాం. పుస్తకం మూడు విభాగాల్లో ఉంటే క్యాట్ విలువలు మూడు. కొన్ని పేజీల్లో ఐడీ ముందు, కొన్నిటిలో క్యాట్ ముందు. డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ ఉన్నా లేకున్నా సైట్ తెరుచుకుంటుంది. మూడు రెళ్లు ఆరు, ఆరు రెళ్లు పన్నెండు. సెషన్ ఐడీ లేకుండానే ఒక పుస్తకానికి పన్నెండు అడ్రసులు. సెషన్ ఐడీ కలిస్తే లెక్కకు అంతు లేదు, ఎందుకంటే బాట్ వచ్చిన ప్రతిసారీ కొత్తది పుడుతుంది.

అది ఎందుకు పుడుతుందో తెలిస్తేనే మందు తెలుస్తుంది. జేఎస్పీ పేజీ ఏమీ చెప్పకపోతే సెషన్ సృష్టిస్తుంది. స్ట్రట్స్ లింక్ ట్యాగులు, జేఎస్టీఎల్ అనే ట్యాగుల లైబ్రరీలోని యూఆర్ఎల్ ట్యాగు లోపల ఎన్‌కోడ్‌యూఆర్ఎల్ మెథడ్‌ని పిలుస్తాయి, అవసరమైతే లింకుకి సెషన్ ఐడీ తగిలించేది అదే. వచ్చినవాళ్ల దగ్గర కుకీ కనపడకపోతే, సెషన్ తెగిపోకూడదని టామ్‌క్యాట్ ప్రతి లింకుకీ జెసెషన్‌ఐడీ తగిలిస్తుంది. మనిషికైతే మొదటి పేజీలో మాత్రమే ఇది జరుగుతుంది, రెండో క్లిక్‌కి కుకీ వచ్చేస్తుంది. గూగుల్‌బాట్ కుకీలు దాచుకోదు కాబట్టి దానికి ప్రతి పేజీ మొదటి పేజీయే. పైగా ఒక్కో సెషన్ డిఫాల్ట్‌గా 30 నిమిషాలు మెమరీలో కూర్చుంటుంది.

అందువల్ల సమస్యను మార్చి రాసుకున్నాం. అడ్రస్ అందంగా లేకపోవడం చిన్న ఇబ్బంది, ఒక పుస్తకానికి ఒక అడ్రస్ లేకపోవడం అసలు జబ్బు. అడ్రస్‌లోని పదాలకు ర్యాంకింగులో దాదాపు బరువు లేదని గూగుల్ తన మార్గదర్శకంలోనే చెబుతుంది. పేరు కనపడటం మనుషులకు ఉపయోగం, అడ్రస్ ఒక్కటే కావడం సెర్చింజన్‌కి ఉపయోగం. రెంటినీ విడివిడిగా సాధించాలి.

ముందు చేసినవి, అవి ఎందుకు నిలవలేదు

మా చేతికి రాకముందే షాపువాళ్ల పాత డెవలపర్ బాట్‌లు ఏ పేజీలు చదవకూడదో చెప్పే రోబోట్స్ ఫైల్‌లో జెసెషన్‌ఐడీ ఉన్న అడ్రసులన్నీ నిషేధించి ఉంచారు. సహజంగా తోచే పనే, కానీ ఫలితం తిరగబడుతుంది. రోబోట్స్ ఆపేది క్రాల్‌ని (పేజీ చదవడాన్ని), ఇండెక్స్‌ని (సెర్చ్ జాబితాలో చేర్చడాన్ని) కాదు. లోపలికి రానివ్వకపోతే ఆ పేజీలో కెనానికల్ ట్యాగు (ఈ పేజీ అసలు అడ్రస్ ఇదీ అని చెప్పేది) ఉందో, 301 (కొత్త అడ్రస్‌కి శాశ్వతంగా పంపే జవాబు) ఉందో బాట్‌కి తెలిసే దారి లేదు. సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఆ అడ్రసులు "రోబోట్స్ అడ్డుకున్నా ఇండెక్స్ అయ్యాయి" అనే వర్గంలో అలాగే పడి ఉన్నాయి. ఆ వరసను తీసేయడమే మా మొదటి పని.

తర్వాత టకీ యూఆర్ఎల్‌రీరైట్‌ఫిల్టర్ పెట్టాం. ఫిల్టర్ అంటే వచ్చే ప్రతి రిక్వెస్ట్‌నీ ముందుగా పట్టుకునే కోడ్. జావా సైట్లలో ఇది పాత, నమ్మకమైన పనిముట్టు. ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో "నుంచి", "కి" రూల్స్ రాస్తే కొత్త అడ్రస్‌ని పాత .డూ అడ్రస్‌కి ఫార్వర్డ్ చేస్తుంది, అంటే బ్రౌజర్‌కి తెలియకుండా లోపలే పంపుతుంది. బయటికి వెళ్లే లింకులను మార్చడానికి అవుట్‌బౌండ్ రూల్స్ ఉంటాయి. మూడు చోట్ల దెబ్బ తగిలింది.

ఒకటి, అవుట్‌బౌండ్ రూల్ పనిచేసేది ఎన్‌కోడ్‌యూఆర్ఎల్ గుండా వెళ్లిన లింకుల మీదే. జేఎస్పీల్లో చేత్తో రాసిన యాంకర్ ట్యాగులు దాని కంటపడవు. పైగా జెసెషన్‌ఐడీని తీసేయాలని రాసిన ఇంకో ఫిల్టర్ ఎన్‌కోడ్‌యూఆర్ఎల్‌ని ఏమీ చేయని మెథడ్‌గా మార్చి, టకీ ఫిల్టర్ తర్వాత నిలబడింది. జేఎస్పీ పిలుపు ఈ లోపలి పొర దగ్గరే ఆగిపోయి టకీదాకా చేరలేదు. కొత్త అడ్రసులు లోపలికి వస్తున్నాయి, బయటికి మాత్రం పాతవే వెళుతున్నాయి. పన్నెండుకి ఇంకొకటి కలిసింది తప్ప ఒక్కటీ తగ్గలేదు.

రెండు, పాత అడ్రస్ నుంచి కొత్తదానికి 301 పంపాలంటే అందులో పుస్తకం పేరు కావాలి. పాత అడ్రస్‌లో ఉన్నది 1842 అనే అంకె మాత్రమే. పేరు డేటాబేస్‌లో ఉంది. ఎక్స్ఎంఎల్ రూల్‌కి అది అందదు. అడ్రస్ నుంచి అడ్రస్‌కి నేరుగా లెక్క కుదిరినప్పుడే రూల్ ఫైల్ సరిపోతుంది.

మూడు, ఫార్వర్డ్ తర్వాత కెనానికల్ ట్యాగు. జేఎస్పీలో గెట్‌రిక్వెస్ట్‌యూఆర్ఐ పిలిచి దాన్నే కెనానికల్‌గా రాశారు. ఫార్వర్డ్ అయ్యాక ఆ మెథడ్ ఇచ్చేది బ్రౌజర్ అడిగిన అడ్రస్ కాదు, బయటికి తెరుచుకోని వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్‌లోని జేఎస్పీ అడ్రస్. దాంతో ప్రతి పుస్తకం పేజీ తన అసలు అడ్రస్ అదేనని ప్రకటించింది, ఆ అడ్రస్ బయటినుంచి తెరిస్తే 404 (పేజీ లేదు). బ్రౌజర్ అడిగినది ఫార్వర్డ్ రిక్వెస్ట్ యూఆర్ఐ అనే అట్రిబ్యూట్‌లో దొరుకుతుంది, కానీ అదీ నమ్మదగింది కాదు. వచ్చినవాళ్లు సెమికోలన్, సెషన్ ఐడీతో వస్తే అవీ అందులో ఉంటాయి. కెనానికల్‌ని రిక్వెస్ట్ నుంచి తయారు చేయడమే పొరపాటు, అది పుస్తకం రికార్డు నుంచి రావాలి.

ఇంకో చిన్న ప్రయత్నం గురించి చెప్పి ముందుకు వెళతాను, ఎందుకంటే దీన్ని చాలామంది చేస్తారు. అడ్రస్ మొదట్లో ఉన్న /బుక్‌షాప్ అనే కాంటెక్స్ట్ పేరు (టామ్‌క్యాట్‌లో ఈ అప్లికేషన్ పేరు) కనపడకుండా ఎన్‌జిన్‌ఎక్స్‌లోనే దాచారు. వెంటనే కార్ట్‌లు ఖాళీ అవడం మొదలైంది. జెసెషన్‌ఐడీ కుకీ పాత్ (ఆ కుకీని ఏ అడ్రసులకు పంపాలన్న గుర్తు) /బుక్‌షాప్ అని ఉంది, బ్రౌజర్ ఇప్పుడు / దగ్గర తిరుగుతోంది. ఆ కుకీని అది వెనక్కి పంపదు. కుకీ రాలేదు కాబట్టి టామ్‌క్యాట్ మనుషులకు కూడా ప్రతి లింకుకీ సెషన్ ఐడీ తగిలించింది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో కుకీ పాత్ మార్చే డైరెక్టివ్ ఉంది కానీ, అప్లికేషన్ మొత్తం ఉండే వార్ ఫైల్‌కి రూట్ అని పేరు పెట్టి కాంటెక్స్ట్‌నే లేకుండా చేయడం అంతకన్నా శుభ్రం. అదే చేశాం.

తెలుగు లిపి అడ్రస్: ఎందుకు ప్రయత్నించాం, ఎందుకు వెనక్కి వచ్చాం

పుస్తకాలు తెలుగువి, కొనేవాళ్లు తెలుగువాళ్లు. అడ్రస్ కూడా తెలుగు లిపిలో ఉంటే బాగుంటుందన్నది న్యాయమైన కోరిక. గూగుల్‌కీ అభ్యంతరం లేదు, అన్ని లిపులనూ బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఎన్‌కోడ్ చేస్తే చాలు. ఒక విభాగానికి టెస్ట్ సర్వర్‌లో పెట్టి చూశాం.

మొదటి దెబ్బ స్లగ్ (అడ్రస్‌లో పెట్టే పేరు) తయారుచేసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో, అంటే ఏ అక్షరాలు ఉంచాలో చెప్పే నమూనాలో. అక్షరాలు, అంకెలు తప్ప మిగతావన్నీ తీసేయమని యూనికోడ్ "ఎల్", "ఎన్" వర్గాలతో రాశారు. తెలుగు గుణింతాలు, సున్న, పొల్లు ఈ "ఎల్" వర్గంలో లేవు, అవి "ఎమ్" అనే గుర్తుల వర్గంలో ఉన్నాయి. "గుంటూరు" అనే మాట "గటర" అయి కూర్చుంది. ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించినవాళ్లకు ఇది ఎప్పటికీ దొరకదు. "ఎల్"తో పాటు "ఎమ్" కూడా ఉంచాలి. కొందరు టైప్ చేసేటప్పుడు పొల్లు తర్వాత పడే, కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని తీసేయాలి. నార్మలైజర్ క్లాస్‌తో ఎన్ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపానికి తేవాలి.

రెండోది టామ్‌క్యాట్ 7. దీని కనెక్టర్ (రిక్వెస్టులు అందుకునే భాగం) డిఫాల్ట్‌గా అడ్రస్‌ని ఐఎస్ఓ-8859-1 అనే, తెలుగు లేని పాత ఎన్‌కోడింగ్‌గా చదువుతుంది, టామ్‌క్యాట్ 8 నుంచే యూటీఎఫ్-8 డిఫాల్ట్. రిక్వెస్ట్ మీద సెట్‌క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్ పిలిస్తే సరిపోతుందనుకుంటారు, అది ఫారం బాడీకి మాత్రమే వర్తిస్తుంది. అడ్రస్‌కి సర్వర్ ఎక్స్ఎంఎల్ కనెక్టర్‌లో యూఆర్ఐఎన్‌కోడింగ్ అట్రిబ్యూట్‌ని యూటీఎఫ్-8 చేయాలి.

మూడోది అంతులేని రీడైరెక్ట్. వచ్చిన అడ్రస్, ఉండాల్సిన అడ్రస్ ఒకటేనా అని పోల్చి, కాకపోతే 301 పంపే కోడ్ రాశాం. గెట్‌రిక్వెస్ట్‌యూఆర్ఐ ఇచ్చేది పర్సెంట్ గుర్తులతో ఎన్‌కోడ్ అయిన రూపం, మన కోడ్ తయారుచేసింది తెలుగు అక్షరాల రూపం. అవి ఎన్నటికీ ఒకటి కావు. హెక్స్ అంకెల్లో క్యాపిటల్, స్మాల్ అక్షరాల తేడా వచ్చినా అంతే. రెంటినీ డీకోడ్ చేసి పోల్చాలి. 301 వెంట కొత్త అడ్రస్‌ని మోసే లొకేషన్ హెడర్‌లో తెలుగు అక్షరాలు నేరుగా పెడితే ప్రశ్నార్థకాలుగా మారతాయి కాబట్టి పంపేముందు యూఆర్ఐ క్లాస్‌లోని టుఆస్కీస్ట్రింగ్ వాడాలి. యూఆర్ఎల్‌ఎన్‌కోడర్ వాడకూడదు, అది ఫారాల కోసం చేసినది, ఖాళీని ప్లస్ చేస్తుంది.

ఇవన్నీ సరిచేశాక తెలుగు అడ్రస్ చక్కగా పనిచేసింది. అయినా వదులుకున్నాం. కారణం వాట్సాప్. ప్రతి తెలుగు గుర్తు యూటీఎఫ్-8లో మూడు బైట్లు, ఒక్కో బైటు పర్సెంట్‌తో కలిపి మూడక్షరాలు. అంటే ఒక్కో గుర్తుకి తొమ్మిది. "వంటింటి-చిట్కాలు" అనే విభాగం పేరులో 15 గుర్తులు, ఒక హైఫన్. బ్రౌజర్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే 136 అక్షరాల పర్సెంట్ గుర్తుల వాన. షాపువాళ్లు మొదట చెప్పిన బాధ అదే కదా. వ్యాపారం ప్రధానంగా సెర్చ్ మీద నడిచే సైట్‌కి ఇదే నిర్ణయం చెప్పను, తెలుగు లిపినే ఉంచమంటాను. ఇక్కడ లింకులు నడిచేది మనిషి నుంచి మనిషికి.

నిలబడిన పద్ధతి

చివరికి ఖాయం చేసిన రూపం: /పుస్తకం/ తర్వాత రోమన్‌లో పేరు, హైఫన్, చివర ఐడీ. అంకె అసలు తాళంచెవి, పేరు దానికి తగిలించిన చీటీ. అంకె వద్దు, పేరు ఒక్కటే చాలన్న సూచన వచ్చింది. ఒకే పేరుతో వేర్వేరు రచయితల పుస్తకాలు ఉండటం తెలుగులో మామూలే, పైగా పేరులో అచ్చుతప్పు దిద్దిన ప్రతిసారీ అడ్రస్ విరుగుతుంది. ఐఎస్‌బీఎన్ పెడదామా అంటే, రచయితలే సొంతంగా అచ్చు వేసుకున్న పాత పుస్తకాలకు అది ఉండకపోవచ్చు. కాబట్టి డేటాబేస్ ఐడీయే.

రోమన్‌లోకి మార్చడానికి యూనికోడ్ పనులకు వాడే ఐసీయూ లైబ్రరీలోని ట్రాన్స్‌లిటరేటర్‌ని (లిపి మార్చే పనిముట్టు) చూశాం. అది భారతీయ లిపులను రోమన్‌లో రాసే ప్రమాణం ఐఎస్ఓ 15919 ప్రకారం రాస్తుంది. "చరిత్ర"లోని "చ"కి హెచ్ లేని ఒంటి "సీ" వస్తుంది, "విజయవాడ"లో రెండు చోట్లా "వీ" వస్తుంది. మనవాళ్లెవరూ అలా రాయరు. సొంత పట్టిక రాసుకోవడానికి ఒక పూట పట్టింది. "చ"కి సీ-హెచ్. సున్న తర్వాత క, చ, ట, త వర్గాల అక్షరం వస్తే "ఎన్", మిగతా చోట్ల, మాట చివర "ఎమ్". దాంతో "సంగీతం", "సింహం" రెండూ జనం రాసినట్టే వస్తాయి. "త"కి టీ-హెచ్ పెట్టాలా, దీర్ఘానికి డబుల్ ఈ పెట్టాలా అన్న చర్చని ఎక్కువసేపు సాగనివ్వలేదు. తెలుగువాళ్లలో దానికి ఏకాభిప్రాయం లేదు, అంకె ఉంది కాబట్టి పొరపాటు పడినా పుస్తకం దొరుకుతుంది. "విజయవాడ" లాంటి ఊళ్ల పేర్లకు విడిగా మినహాయింపుల జాబితా పెట్టాం.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. స్లగ్‌ని పేజీ తెరిచిన ప్రతిసారీ లెక్కకట్టకూడదు. పుస్తకం చేర్చిన రోజున తయారుచేసి డేటాబేస్ కాలమ్‌లో రాసేయాలి. లేకపోతే రేపు పట్టికలో ఒక్క అక్షరం దిద్దితే సైట్ మొత్తం అడ్రసులు మారిపోతాయి.

కోడ్‌లో అన్నిటికన్నా విలువైన మార్పు ఒక చిన్న క్లాస్. పుస్తకం రికార్డు ఇస్తే పూర్తి అడ్రస్ ఇస్తుంది, అంతే దాని పని. జేఎస్పీ లింకులు, కెనానికల్, సైట్‌మ్యాప్ (సెర్చింజన్‌కి ఇచ్చే అడ్రసుల జాబితా), రీడైరెక్ట్, ఆర్డర్ ఈమెయిల్ అన్నీ దాన్నే అడగాలి. జేఎస్పీల్లో .డూ అని చేత్తో రాసిన ప్రతి చోటునీ వెతికి తీసేశాం. విసుగు పుట్టించే పని, కానీ టకీ అవుట్‌బౌండ్ రూల్స్ అవసరమే లేకుండా పోయింది.

రీడైరెక్ట్‌లన్నీ ఒకే సర్వ్‌లెట్ ఫిల్టర్‌లో, ఫిల్టర్ల వరసలో అన్నిటికన్నా ముందు. అది అడ్రస్‌లోంచి ఐడీ తీస్తుంది, చివరి హైఫన్ తర్వాతి అంకెలైనా, పాత .డూ అడ్రస్‌లోని పారామీటరైనా. రికార్డు లేకపోతే నిజమైన 404. ఉంటే సరైన అడ్రస్ అడిగి, వచ్చిన దానితో పోల్చి, తేడా ఉంటే ఒక్క 301. సమానమైతే లోపలి .డూకి ఫార్వర్డ్. ఫిల్టర్ మ్యాపింగ్‌లో డిస్పాచర్ రిక్వెస్ట్ (బయటినుంచి వచ్చిన పిలుపులకే పనిచేయడం) మాత్రమే ఉండాలి, ఫార్వర్డ్ కూడా చేరిస్తే మన ఫార్వర్డ్‌నే మళ్లీ పట్టుకుని 301 పంపుతుంది. సెండ్‌రీడైరెక్ట్ మెథడ్ 302 (తాత్కాలిక రీడైరెక్ట్) ఇస్తుంది కాబట్టి దాన్ని వాడకుండా స్టేటస్ 301, లొకేషన్ హెడర్ చేత్తో పెట్టాం. పరీక్షించేటప్పుడు మాత్రం 302తోనే ఉంచాలి. బ్రౌజర్ 301ని దాచుకుంటుంది, తప్పు 301 ఒకసారి వెళ్లిందంటే కొనేవాళ్ల ఫోన్లలోంచి దాన్ని తీయడం మన చేతిలో ఉండదు.

జెసెషన్‌ఐడీ ఆపడానికి వెబ్ ఎక్స్ఎంఎల్‌ని సర్వ్‌లెట్ 3.0 వెర్షన్‌కి మార్చి, సెషన్ కాన్ఫిగ్‌లో ట్రాకింగ్ మోడ్ కుకీ అని రాయడం సరిపోయింది. పుస్తకం పేజీ జేఎస్పీల్లో సెషన్ ఫాల్స్ పెట్టాం, బాట్ కోసం సెషన్లు పుట్టవు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇప్పటికే గూగుల్ దగ్గరున్న పాత సెషన్ అడ్రసులను శుభ్రమైన అడ్రస్‌కి పంపాలి కదా. దానికి ఈజ్‌రిక్వెస్టెడ్‌సెషన్‌ఐడీఫ్రమ్‌యూఆర్ఎల్ మెథడ్‌ని అడిగితే, కుకీ మోడ్‌లో టామ్‌క్యాట్ అడ్రస్‌లోని సెషన్‌ని చదవనే చదవదు కాబట్టి, ఎప్పుడూ కాదనే అంటుంది. గెట్‌సర్వ్‌లెట్‌పాత్‌లోనూ కనపడదు, సెమికోలన్ భాగాన్ని టామ్‌క్యాట్ తీసేసే ఇస్తుంది. గెట్‌రిక్వెస్ట్‌యూఆర్ఐలో సెమికోలన్ కోసం వెతకాలి.

ఈ శుభ్రతని ఎన్‌జిన్‌ఎక్స్‌లో పెట్టొచ్చు. పెట్టకపోవడానికి కారణం మెట్ల లెక్క, అంటే చివరి అడ్రస్ చేరేలోపు ఎన్ని రీడైరెక్ట్‌లు పడతాయన్నది. మొదటి కొలతలో ఒక పాత లింకు నాలుగు దూకుళ్లు దూకింది: హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్, అక్కడినుంచి డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూకి, అక్కడ కొత్త అడ్రస్ అంటూ టామ్‌క్యాట్ మళ్లీ హెచ్‌టీటీపీకి పంపింది, ఎన్‌జిన్‌ఎక్స్ తిరిగి హెచ్‌టీటీపీఎస్‌కి తెచ్చింది. భద్రత పొర ఎన్‌జిన్‌ఎక్స్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి తన దగ్గరికి వచ్చింది మామూలు హెచ్‌టీటీపీ అనే టామ్‌క్యాట్ నమ్ముతుంది. అసలు వచ్చింది హెచ్‌టీటీపీఎస్ అని చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్‌ని ఎన్‌జిన్‌ఎక్స్ నుంచి పంపి, టామ్‌క్యాట్‌లో రిమోట్‌ఐపీవాల్వ్‌కి ఆ హెడర్ పేరు చెప్పాలి. గూగుల్‌బాట్ పది మెట్ల వరకు వెంబడిస్తుంది, కానీ సెల్ డేటా మీద తెరిచే మనిషికి ప్రతి మెట్టూ ఒక ఎదురుచూపే. చివరి అడ్రస్ లెక్కకట్టే చోటు ఒక్కటే ఉంటే ఏ పాత లింకైనా ఒక్క 301తో చేరుతుంది.

కొత్త అడ్రస్ లోతు పెరిగినందుకు పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ ఊడిపోయింది. జేఎస్పీలో "సీఎస్ఎస్/స్టైల్" అని మొదట స్లాష్ లేకుండా ఉన్నవన్నీ /పుస్తకం/ కింద వెతకడం మొదలుపెట్టాయి. బేస్ ట్యాగు పెడితే ఒక్క వరసలో పోతుంది కానీ పేజీలోపలి హ్యాష్ లింకులు విరుగుతాయి. స్లాష్‌లు చేర్చుకోవడమే మంచిది.

ఆ తర్వాత

వారాలు గడిచేకొద్దీ సెర్చ్ కన్సోల్‌లో సెషన్ అడ్రసులు "రీడైరెక్ట్ ఉన్న పేజీ" వర్గంలోకి జరుగుతూ వచ్చాయి, లాగ్‌లో సెమికోలన్ వరసలు పలచబడ్డాయి. సైట్‌మ్యాప్‌లో కొత్త అడ్రసులు మాత్రమే ఉంచాం. ఒక ఫైల్‌కి పరిమితి 50,000 అడ్రసులు, ఈ షాపుకి ఒక్కటే చాలు. పాత 301లు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే లింకులకు ఏడాది గడువు లేదు కాబట్టి ఇక్కడ ఎప్పటికీ తీయవద్దని కోడ్‌లోనే వ్యాఖ్య రాశాం.

తేలడానికి ఎక్కువ సమయం పట్టింది పంచాంగం. ప్రతి ఉగాదికి కొత్తది, కొత్త ఐడీ, కొత్త అడ్రస్. ఏడాది పాటు జనం పంచుకున్న లింకు మళ్లీ ఉగాది రాగానే పాతబడుతుంది. పాత సంవత్సరం పేజీని కొత్తదానికి 301 చేద్దామని షాపువాళ్లు అడిగారు. ఒప్పుకోలేదు. జాతకాల కోసం పాత సంవత్సరాల పంచాంగాలు వెతికేవాళ్లు ఉన్నారు, 2025 విశ్వావసు అడిగినవాళ్ల చేతిలో 2026 పరాభవ పెడితే అది తప్పు పుస్తకం. బదులుగా అంకె, సంవత్సరం లేని /పంచాంగం అనే శాశ్వత పేజీ పెట్టి, ఆ ఏడాది పంచాంగం ఆ పేజీ మీద కనపడేలా చేశాం. పాత పేజీలు "ప్రస్తుతం స్టాకు లేదు" అన్న మాటతో, శాశ్వత పేజీకి లింకుతో 200గానే (మామూలుగా తెరుచుకునే పేజీలుగానే) ఉన్నాయి. ఇప్పుడు ఉగాది ముందు షాపు నుంచి వెళ్లే వాట్సాప్ మెసేజ్‌లో ఏటా అదే లింకు పెడుతున్నారు.